బ్రిటన్‌లో కార్లు రాని సైకిల్ దారులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు మొదలైతే చాలు, యూకేలో ఉంటున్న తెలుగువాళ్ళ దగ్గర్నుంచి ఇవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత దూరం, ఏం పట్టుకెళ్ళాలి? ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## దారి ఎంచుకునేటప్పుడు

కార్లు రాని దారి అంటే రోడ్డు పక్కన గీత గీసిన సైకిల్ లేన్ కూడా అందులోకి వస్తుందా?

రాదు. గీత పక్కనే లారీ పోతుంటే ఎనిమిదేళ్ళ పిల్ల ప్రశాంతంగా తొక్కలేదు. ఇక్కడ చెబుతున్నవి రోడ్డుతో సంబంధం లేకుండా పొలాల్లోంచి, అడవుల్లోంచి పోయే దారులు. మూసేసిన రైలు కట్టలు, అటవీ శాఖ వేసిన కంకర దారులు, కాలువ గట్లు ఇందులోకి వస్తాయి. వీటిలో నడిచేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు ఉంటారు. కొన్నిచోట్ల గుర్రాలూ వస్తాయి. అయితే ఎంత మంచి దారైనా మధ్యలో ఎక్కడో ఒకచోట రోడ్డు దాటిస్తుంది. బయల్దేరే ముందు మ్యాపులో ఆ క్రాసింగులు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి. పిల్లలతో వెళ్తుంటే మైళ్ళ కంటే ఆ లెక్కే ముఖ్యం.

మంచి దారులన్నీ పాత రైలు మార్గాలే ఎందుకు?

ఆవిరి ఇంజను ఎత్తు ఎక్కలేదు. అందుకే గుట్ట వస్తే తొలిచారు, లోయ వస్తే కట్ట పోశారు, నది వస్తే వంతెన కట్టారు. మామూలుగా వంద అడుగుల దూరానికి ఒకటి రెండు అడుగులకు మించి ఎత్తు పెరగదు. 1960ల్లో, ముఖ్యంగా నష్టాల్లో ఉన్న లైన్లు మూసేయమన్న 1963 నాటి బీచింగ్ నివేదిక తర్వాత, వేల మైళ్ళ లైన్లు మూతపడ్డాయి. పట్టాలు పీకేశాక మిగిలిన కట్టలు కొన్ని సైకిల్ దారులయ్యాయి. బ్రిస్టల్–బాత్ దారిని 1979–86 మధ్య అలాగే వేశారు.

ఒక్క జాగ్రత్త. వాలు కంటికి ఆనదు గానీ కాళ్ళకు తెలుస్తుంది. పోయేటప్పుడు "అబ్బ, ఎంత తేలికో" అనిపించిందంటే తిరుగు ప్రయాణం ఎత్తుకు ఉందేమో అనుమానించండి.

నేషనల్ సైకిల్ నెట్‌వర్క్ నంబరు ఉన్న దారిలో కార్లు రావు కదా?

అందరూ పడే పొరపాటు ఇదే. అది దేశమంతా నంబర్లు వేసి గుర్తించిన సైకిల్ రూట్ల వల, అందులో సగానికి పైగా మామూలు రోడ్ల మీదే పోతుంది. నీలం బోర్డు మీద ఎర్ర గడిలో ఉన్న అంకె అది ఏ రూటో చెబుతుంది, కార్లు వస్తాయో రావో చెప్పదు. అంకె బ్రాకెట్లో ఉంటే మీరింకా ఆ రూటు మీద లేరని, ఆ దారి అటు తీసుకెళ్తుందని అర్థం. మ్యాపులో రోడ్డు మీద పోయే భాగం, రోడ్డు లేని భాగం వేర్వేరు రంగుల్లో ఉంటాయి. రూటు మొత్తం జూమ్ చేసి చూసుకోండి.

ఎప్పుడూ వెళ్ళలేదు. మొదటిసారి ఎక్కడికెళ్తే బాగుంటుంది?

చిన్న పిల్లలు, అలవాటు లేని పెద్దలు ఉంటే కార్న్‌వాల్‌లోని క్యామెల్ ట్రైల్. మొత్తం 18 మైళ్ళున్నా, వేడ్‌బ్రిడ్జ్ నుంచి ప్యాడ్‌స్టో వరకు అయిదున్నర మైళ్ళ ముక్క చాలు. దాదాపు చదునుగా, నది సముద్రంలో కలిసే చోటు పక్కనే పోతుంది. వేడ్‌బ్రిడ్జ్‌లోనే మొదలుపెట్టండి. గాలి ఎక్కువగా పడమర వైపు నుంచి వీస్తుంది కాబట్టి ఓపిక ఉన్నప్పుడే ఎదురుగాలి అయిపోతుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. నీడ కావాలంటే వేడ్‌బ్రిడ్జ్ నుంచి బాడ్మిన్ మీదుగా వెన్‌ఫర్డ్ బ్రిడ్జ్ వైపు వెళ్ళండి. అటంతా చెట్లే, జనమూ తక్కువ. ఆగస్టులో మాత్రం ప్యాడ్‌స్టో వైపు ఉదయం తొమ్మిదికే బయల్దేరాలి. పదకొండు దాటితే తిరణాలే.

పీక్ డిస్ట్రిక్ట్‌లో మాన్సల్ ట్రైల్ ఎనిమిదిన్నర మైళ్ళు. 2011లో సొరంగాలు తెరిచాక ఇది అసలైన సైకిల్ దారి అయింది. పెద్ద సొరంగాలు నాలుగూ ఒక్కోటి 400 మీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. బేక్‌వెల్ నుంచి పడమరకు పోతే కొద్దికొద్దిగా ఎత్తు, వచ్చేటప్పుడు పల్లం. అందుకే బేక్‌వెల్‌లో మొదలుపెట్టడం తెలివి. హెడ్‌స్టోన్ వంతెన మీద ఆగాల్సిందే.

కారు లేనివాళ్ళకు బ్రిస్టల్–బాత్ దారి బాగుంటుంది. 13 మైళ్ళు, మొత్తం తారు, రెండు కొసల్లోనూ రైల్వే స్టేషన్లు. ఒకవైపు తొక్కి రెండో వైపు నుంచి రైలెక్కేయొచ్చు. పనిరోజుల్లో ఉదయం, సాయంత్రం ఆఫీసులకు పోయేవాళ్ళు వేగంగా వస్తుంటారు కాబట్టి పిల్లలతో ఆ వేళలు వద్దు.

రోజంతా తొక్కే ఓపిక ఉంటే డెవన్‌లోని టార్కా ట్రైల్. బ్రాంటన్ నుంచి మీత్ వరకు సుమారు 30 మైళ్ళు. బార్న్‌స్టేపుల్ స్టేషన్‌లో దిగితే దారి పక్కనే ఉంటుంది.

అడవిలో తొక్కాలని ఉంది. మౌంటెన్ బైక్ వాళ్ళు తొక్కే దారుల్లో చిక్కుకోకుండా ఎలా?

ఫారెస్ట్రీ ఇంగ్లండ్ (ప్రభుత్వ అటవీ సంస్థ) అడవుల్లో దారులకు కష్టాన్ని బట్టి రంగులుంటాయి. ఆకుపచ్చ అంటే వెడల్పాటి కంకర దారి, కుటుంబాలకు సరిపోతుంది. నీలంలో వాలు, వదులు రాళ్ళు, ఇరుకు మలుపులు వస్తాయి. మంచి బ్రేకులు, కొంత అలవాటు ఉంటేనే వెళ్ళండి. ఎరుపు, నలుపు మామూలు సైకిలుకు కాదు.

గ్లోస్టర్‌షర్‌లోని ఫారెస్ట్ ఆఫ్ డీన్ ఫ్యామిలీ ట్రైల్ సుమారు 11 మైళ్ళ చుట్టు. ఎక్కువభాగం పాత రైలు దారే. అక్కడ అడవిపందులు తిరుగుతాయి. పిల్లలతో ఉన్న పంది కనిపిస్తే ఫోటో కోసం దగ్గరికి పోకండి, ఆగి దానికి దారివ్వండి. న్యూ ఫారెస్ట్‌లో వంద మైళ్ళకు పైగా కంకర దారులు, కూడళ్ళలో నంబరు వేసిన గుంజలు ఉంటాయి. గుర్రాలు వదిలేసినట్టు తిరుగుతుంటాయి, వాటికి తిండి పెట్టకూడదు. నార్తంబర్లాండ్‌లోని కీల్డర్ లేక్‌సైడ్ వే 26 మైళ్ళు. చెరువు చుట్టూ కదా చదునుగా ఉంటుందనుకుంటారు, ఉండదు. చిన్న చిన్న ఎక్కుడు దిగుళ్ళు చివరిదాకా వస్తూనే ఉంటాయి.

చెట్లు కొడుతున్నందుకు దారి మూశారని బోర్డుంటే, ఆదివారమైనా సరే దాటి వెళ్ళొద్దు. పేర్చిన దుంగల మీద పిల్లల్ని ఎక్కనివ్వొద్దు. అవి దొర్లుతాయి.

కాలువ గట్టు మీద తొక్కొచ్చా? పర్మిట్ తీసుకోవాలా?

కాలువలు చూసుకునే సంస్థ కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ గట్లకు పర్మిట్ అక్కర్లేదు. కానీ గట్టు చాలాచోట్ల మీటరు, మీటరున్నరే ఉంటుంది. వంతెన కింద దారి వంగి, ఎదుటివాళ్ళు కనబడరు. బెల్లు కొట్టి, వేగం తగ్గించి, అవసరమైతే దిగి నడవండి. కట్టేసిన పడవల తాళ్ళు దారికి అడ్డంగా ఉండొచ్చు. చీకట్లో, ఇంకా బ్యాలెన్స్ కుదరని పిల్లలతో గట్టు మీదికి వెళ్ళకపోవడమే మంచిది.

పొలాల మధ్య నుంచి కాలిబాట కనిపిస్తుంది. అందులో సైకిల్ తొక్కితే తప్పా?

ఇంగ్లండ్, వేల్స్‌లలో పసుపు బాణం ఉంటే నడిచేవాళ్ళ దారి, సైకిల్ తొక్కే హక్కు లేదు. నీలం బాణం బ్రైడిల్‌వే, అంటే గుర్రాలూ వెళ్ళే దారి. 1968 కంట్రీసైడ్ చట్టం ప్రకారం అందులో తొక్కొచ్చు గానీ నడిచేవాళ్ళకు, గుర్రాలకు దారివ్వాలి. హక్కు ఉన్నంత మాత్రాన దారి బాగుంటుందని కాదు. చలికాలంలో బ్రైడిల్‌వే అంటే గుర్రాలు తొక్కిన బురద. స్కాట్లండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం వల్ల, బాధ్యతగా ఉంటే చాలా దారుల్లో తొక్కొచ్చు.

ఒక రోజుకి ఎంత దూరం పెట్టుకోవాలి?

అలవాటు లేని పెద్దలకు కంకర దారిలో 12 నుంచి 15 మైళ్ళు. 20 అంగుళాల చక్రం సైకిల్ ఉన్న పిల్లలకు 8 నుంచి 10. 16 అంగుళాల సైకిలైతే 5 దాటనివ్వొద్దు. ఇవి రానూపోనూ కలిపి. గంటకు 6 మైళ్ళు అని లెక్కేసి, ఆగేవాటికి అంత సమయమూ కలపండి. "ఇంకొంచెం వెళ్దాం" అన్నప్పుడే వెనక్కి తిరగాలి. పిల్లలు అలిసిపోయారని చెప్పేటప్పటికే ఓపిక అడుగంటి ఉంటుంది.

## సైకిల్, సామాను

నా దగ్గర సన్న టైర్ల సైకిల్ ఉంది. పనికొస్తుందా?

తారు దారికి పనికొస్తుంది. కంకర మీద 25, 28 మిల్లీమీటర్ల టైరు జారుతుంది, చేతులు అదిరిపోతాయి. 35 నుంచి 42 మిల్లీమీటర్ల టైరున్న హైబ్రిడ్ అన్నిటికీ సరిపోతుంది. గాలి నిండుగా కొట్టొద్దు. సుమారు 70 కిలోల మనిషికి 40–50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. టైరు పక్కన రాసి ఉన్న కనిష్ఠ, గరిష్ఠ అంకెలు దాటకుండా చూసుకోండి.

అద్దెకు తీసుకుంటే ఏం చూసుకోవాలి?

సెలవుల్లో ముందే బుక్ చేయండి. పెద్దల సైకిళ్ళు దొరికినా పిల్లల సైజులు, ట్రైలర్లు అయిపోతాయి. అందరి ఎత్తులూ చెప్పండి. తీసుకున్నాక రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూడండి. లివరు హ్యాండిల్‌కి తగిలేదాకా పోతే వేరే సైకిల్ అడగండి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే కాలు నిటారుగా రావాలి. పంపు, స్పేర్ ట్యూబు ఇస్తారేమో అడిగి తీసుకోండి. ముఖ్యంగా, షాపు మూసే టైము ఫోటో తీసుకోండి.

రెండేళ్ళ బాబుని ఎలా తీసుకెళ్ళాలి?

వెనక బిగించే సీటులో అయితే సాధారణంగా 22 కిలోల వరకు (సీటు మీద రాసినదే ప్రమాణం). ట్రైలర్లో ఇద్దరు పిల్లలు, బ్యాగులు కూడా పడతాయి, నిద్రపోయినా ఇబ్బంది లేదు. కానీ దారి మొదట్లో మోటారు బైకులు రాకుండా పెట్టిన ఇనుప గేట్లలో ట్రైలర్ పట్టకపోవచ్చు. ఇద్దరు పెద్దలుంటే విప్పి ఎత్తి దాటించొచ్చు, ఒక్కరే అయితే కష్టం. వెనక సీట్లో ఉన్న బాబు తొక్కడు కాబట్టి వాడికి చలి వేస్తుంది. మీకంటే ఒక పొర ఎక్కువ వేయండి. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు గానీ పిల్లలకు పెట్టండి. ఈఎన్ 1078 (సైకిల్ హెల్మెట్ల భద్రతా ప్రమాణం) ముద్ర ఉండాలి, కనుబొమల పైన రెండు వేళ్ళ ఎడంలో కూర్చోవాలి.

నాకు ముప్ఫై అయిదేళ్ళు, సైకిల్ రాదు. ఇప్పుడు వస్తుందా?

వస్తుంది. ఎవరో వెనక పట్టుకుని పరిగెత్తే పద్ధతి మానేయండి. పెడల్స్ విప్పేయండి. 15 మిల్లీమీటర్ల స్పానర్ కావాలి. కుడి పెడల్ మామూలుగానే విప్పుకుంటుంది, ఎడమది తిరగేసి తిప్పాలి. సీటు రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆనేంత దించండి. కొంచెం వాలున్న తారు నేల మీద కాళ్ళతో తోసుకుంటూ జారండి. పది మీటర్లు పాదాలెత్తి జారగలిగితే బ్యాలెన్స్ వచ్చినట్టే, అప్పుడు పెడల్స్ బిగించండి. గడ్డిలో నేర్చుకుంటే దెబ్బ తగలదనుకుంటారు. చక్రం కదలక ఇంకా కష్టం. చాలా కౌన్సిళ్ళు పెద్దలకు ఉచితంగా నేర్పిస్తాయి, మీ కౌన్సిల్ వెబ్‌సైట్లో చూడండి.

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. ఎలక్ట్రిక్ సైకిల్ ఇప్పించొచ్చా?

పెడల్ తొక్కితేనే సాయం చేసే, 250 వాట్ల మోటారుతో, గంటకు 15.5 మైళ్ళ దగ్గర సాయం ఆగిపోయే సైకిలుకు లైసెన్సు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. 14 ఏళ్ళు నిండితే చాలు. అయితే ఎన్నో ఏళ్ళ తర్వాత ఎక్కుతున్నవాళ్ళకు మొదటి తోపు భయపెడుతుంది. 20 కిలోలు దాటే బరువు కూడా. ముందు మోటారు ఆపి పార్కింగ్ స్థలంలో నాలుగు చుట్లు, తర్వాత తక్కువ మోడ్. ఫ్రేము మధ్య గొట్టం కిందికి ఉన్న సైకిలే అడగండి, కాలు ఎత్తి దాటాల్సిన పని ఉండదు. మోకాళ్ళు బాగుంటే చదునైన దారికి మామూలు సైకిలే నయం.

చుడీదార్‌తో తొక్కొచ్చా?

తొక్కొచ్చు. చున్నీ మాత్రం బ్యాగులో పెట్టండి. మెడకున్న చున్నీ వెనక చక్రంలో చిక్కితే ప్రాణం మీదికి వస్తుంది. వదులు పాంటు కుడి కాలి దగ్గర రబ్బరు బ్యాండు వేసి బిగించండి, చైన్ అటే ఉంటుంది.

బ్యాగులో ఏమేం ఉండాలి?

మీ టైరు సైజుకి సరిపడే ట్యూబు, ప్లాస్టిక్ టైరు లివర్లు రెండు, చిన్న పంపు, అలెన్ కీల సెట్టు, ప్యాచులు. పిల్లల సైకిలుకు వేరే ట్యూబు. పెద్దల సైకిలుకు సన్న వాల్వు, పిల్లల దానికి కారు వాల్వు ఉండటం మామూలే, పంపు రెంటికీ పట్టాలి. వాన కోటు, తలా ఒక లీటరు నీళ్ళు. పులిహోర, పెరుగన్నం ఏదైనా సరే, గట్టి మూతున్న డబ్బాలో పెట్టండి. కంకర దారి కుదుపులకు మామూలు మూతలు ఊడిపోతాయి.

## చేరుకోవడం

రైల్లో సైకిల్ ఎక్కిస్తారా? డబ్బు కట్టాలా?

డబ్బు కట్టక్కర్లేదు. కానీ దూర ప్రయాణపు రైళ్ళలో చాలావాటికి ముందే ఉచిత రిజర్వేషన్ కావాలి, చోట్లు చాలా తక్కువ. నలుగురి కుటుంబం నాలుగు సైకిళ్ళతో ఒకే రైల్లో వెళ్ళడం దాదాపు కుదరదు. అక్కడికెళ్ళి అద్దెకు తీసుకోండి. లండన్ చుట్టుపక్కల రైళ్ళలో ఆఫీసు వేళల్లో మడతపెట్టే సైకిళ్ళకే చోటు.

కారు వెనక ర్యాక్ పెడితే పోలీసులు ఆపుతారా?

నంబరు ప్లేటు, లైట్లు కనబడకుండా కప్పేస్తే ఆపుతారు. లైట్లతో ఉన్న బోర్డుకి మీ నంబరు ప్లేటు తగిలించి సైకిళ్ళ వెనక కట్టాలి. ఎలక్ట్రిక్ సైకిలైతే ముందు బ్యాటరీ తీసి కార్లో పెట్టండి, ర్యాక్ మోయగలిగే బరువు చూసుకోండి. పది మైళ్ళు పోయాక ఒకసారి ఆగి పట్టీలు మళ్ళీ లాగండి. మొదటి కుదుపులకే అవి వదులవుతాయి.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

మే, జూన్. పొద్దు చాలాసేపు ఉంటుంది, స్కూలు సెలవుల రద్దీ ఇంకా మొదలుకాదు. అక్టోబరులో అడవి అందంగా ఉంటుంది గానీ తడి ఆకుల మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కితే పడిపోతారు. డిసెంబరులో నాలుగింటికే చీకటి. చీకట్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టరు చట్టప్రకారం ఉండాలి.

## దారిలో

గుర్రం ఎదురైతే బెల్లు కొట్టాలా?

వద్దు. గుర్రం బెదురుతుంది. దూరంలోనే వేగం తగ్గించి, "హలో" అని మామూలు గొంతుతో పలకరించండి. మనిషి గొంతు వింటే అది కుదుటపడుతుంది. వెనక నుంచి వస్తుంటే మీరున్నారని రౌతుకు తెలిసేదాకా దాటొద్దు. తర్వాత వీలైనంత ఎడంగా, నెమ్మదిగా దాటండి. నడిచేవాళ్ళకైతే బెల్లు దూరంనుంచే ఒకసారి, దాటేటప్పుడు "థాంక్యూ". పొడవాటి తాడుతో కుక్క కనిపిస్తే ఆగిపోవడమే మేలు. ఆ తాడు దారికడ్డంగా ఎప్పుడు బిగుసుకుంటుందో చెప్పలేం.

సొరంగంలోకి పిల్లలు భయపడతారేమో?

లోపల లైట్లుంటాయి గానీ ఎండలోంచి వెళ్ళగానే కొన్ని సెకన్లు ఏమీ కనబడదు. ముఖద్వారం దగ్గర ఆగి, నల్ల కళ్ళద్దాలు తీసి, సైకిల్ లైట్లు వేసుకుని వెళ్ళండి. బాత్‌లోని టూ టన్నెల్స్ దారిలో కూమ్ డౌన్ సొరంగం 1,672 మీటర్లు, అంటే మైలు దాటి. 2013లో తెరిచారు. బయట ఎంత ఎండ కాసినా లోపల చలే, పిల్లలకు జాకెట్ వేయండి. మాన్సల్ ట్రైల్లో చీకటిపడ్డాక లైట్లు ఆరిపోతాయి.

## ఏదైనా తేడా వస్తే

పంక్చర్ అయితే దారి మధ్యలో ఏం చేయాలి?

చక్రం విప్పి, వాల్వుకు ఎదురు వైపున లివరు దూర్చి టైరు ఒక అంచు మాత్రమే బయటికి తీయండి. ట్యూబు లాగేసి, కొత్తది పెట్టేముందు టైరు లోపలంతా వేళ్ళతో మెల్లగా తడమండి. ఈ పని వదిలేసినందువల్లే కొత్త ట్యూబు అయిదు నిమిషాల్లో మళ్ళీ పోతుంది, ముల్లు ఇంకా టైరులోనే ఉంటుంది. కొత్త ట్యూబులో గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టి పెట్టండి, అప్పుడు మెలిపడదు. అంచును వాల్వు దగ్గర మొదలుపెట్టి రెండు వైపులా బొటనవేళ్ళతో లోపలికి నెట్టండి. చివరి ముక్కకు లివరు వాడితే ట్యూబు చిరుగుతుంది. బదులు, అప్పటికే కూర్చున్న అంచును రిమ్ము మధ్య గాడిలోకి నొక్కుతూ రండి, వదులు దొరుకుతుంది. గాలి నింపేముందు చుట్టూ ట్యూబు ఎక్కడా నలగడం లేదని చూడండి.

సెప్టెంబరు నుంచి పంక్చర్లు ఎక్కువ. పక్షులు గూళ్ళు పెట్టే కాలం అయ్యాక ముళ్ళ కంచెలు కత్తిరిస్తారు, హాథార్న్ ముళ్ళు దారంతా పడతాయి. అప్పుడే కోసిన కొమ్మలు కనిపిస్తే ఆ నాలుగు గజాలు సైకిల్ ఎత్తుకుని నడవండి.

గడ్డిలో కూర్చుని లేచాక కాలికి చిన్న నల్ల పురుగు అంటుకుంది. ఏం చేయాలి?

అది టిక్, మన గోమారి లాంటిది. గిల్లొద్దు, నూనె రాయొద్దు, కాల్చొద్దు. సన్న మొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి. తర్వాత కొన్ని వారాల్లో ఆ చోట ఎర్ర మచ్చ పెరుగుతూ పోయినా, జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చినా జీపీకి టిక్ కుట్టిన సంగతి చెప్పండి. టిక్ వల్ల వచ్చే లైమ్ వ్యాధికి యాంటీబయాటిక్ ఉంది. ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు మొదట్లో చూడండి.

అడవి మధ్యలో ఎవరైనా పడి దెబ్బ తగిలితే అంబులెన్స్‌కి చోటు ఎలా చెప్పాలి?

999కి ఫోన్ చేయండి. దారి పేరు, చివరగా దాటిన వంతెన లేదా పార్కింగ్ పేరు, గుంజ మీద ఉన్న నంబరు చెప్పండి. వాట్ త్రీ వర్డ్స్ యాప్‌లో మీరున్న చోటుకు గుర్తుగా వచ్చే మూడు ఇంగ్లీషు పదాలనూ చాలా ఎమర్జెన్సీ సర్వీసులు తీసుకుంటాయి. స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చెప్పండి. ఇంకొకరు ఉంటే దగ్గర్లోని రోడ్డు గేటు దగ్గరికి పంపి నిలబెట్టండి.